దీనికి కెమెరా ఉందా అన్నా?

మొన్న ఆదివారం పానగల్లు వైపు, వరి కోసిన పొలం పక్కన తేలికైన బాల్సా చెక్కతో చేసిన, రిమోట్‌తో ఎగరేసే నా పాత మోడల్ విమానం తీశాను. ఇంజిన్‌లో ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్గుకు 1.5 వోల్టుల బ్యాటరీ తగిలించి ఫ్యాన్ తిప్పుతున్నానో లేదో, ఒకతను బండి ఆపాడు. "అన్నా, దీనికి కెమెరా ఉందా? పెండ్లిళ్లకు వస్తవా?"

ఈ మాట వినీ వినీ ఒళ్లు మండిపోతోంది. డ్రోన్ కాదు తమ్ముడూ అంటే, మరెందుకిది అన్నట్టు చూస్తారు.

రెక్కలోని ఒక్కో పక్కటెముకను బ్లేడుతో కోసి, అతికించి, పైన పల్చటి కాగితం పరిచి, వార్నిష్‌లాంటి డోప్ పూస్తే అది డప్పు చర్మంలా బిగుసుకునేది. ఇంధనం మిథనాల్, అందులో ఆముదం. నల్లగొండ, పాలమూరు చేలల్లో పండే అదే ఆముదం! కాలిన ఆ వాసన సాయంత్రం దాకా చొక్కాను వదిలేది కాదు. అప్పట్లో రిమోట్ ఏ రేడియో ఛానెల్‌లో పనిచేయాలో అందులోని క్రిస్టల్ అనే చిన్న ముక్క నిర్ణయించేది; ఇద్దరి రిమోట్లలో ఒకే క్రిస్టల్ ఉంటే విమానం కూలినట్టే. అందుకే ఛానెల్ నంబర్ రాసిన బట్టల క్లిప్పు ఎవరి దగ్గరుంటే వాళ్లే రిమోట్ ఆన్ చేయాల్సి ఉండేది. ఇప్పటి 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్లకు ఆ టెన్షన్ లేదు, అది మంచిదే.

అమెరికాలో గుడ్ సోదరులు 1937లోనే రేడియోతో మోడల్ విమానం ఎగరేశారు. వాళ్లను కూడా కెమెరా ఏదని అడిగేవాళ్లేమో!

మేం ఎగరేసిన మైదానంలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు. అది పోయిందన్న బాధ ఒకటైతే, ఉన్నచోట నిలబడి చూసే ఓపిక కూడా ఎవరికీ లేదన్న బాధ ఇంకొకటి.

మూడోసారికి ఇంజిన్ అందుకుంది. తల ఎత్తి చూసేసరికి అతను వెళ్లిపోయాడు.