మహారాజశ్రీ ప్రయాణ బీమా పాలసీ గారికి

నల్లగొండ రామగిరి నుంచి ఇరవై రెండో వారం గర్భిణి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే నా కుశలం నా పూచీ, మీ కుశలం నా ప్రీమియం పూచీ.

నిన్న గడియారం సెంటర్ దగ్గర మీ ఏజెంట్ ఆఫీసులో మూడు గంటలు కూర్చున్నాను. ఫ్యాన్ ఆయన నెత్తి మీదే తిరుగుతోంది. "టెన్షన్ పడకు అక్కా, అన్నీ కవరైతయి" అని పోయిన వారం ఫోన్‌లో చెప్పిన తమ్ముడే, నిన్న నా పొట్ట చూసి కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు. కస్టమర్ కేర్‌కు చేసి తెలుగు కోసం రెండు నొక్కితే హిందీ వచ్చింది. పోనీ లెండి.

మీ ఉదారత మాత్రం చెప్పుకోవాలి. బ్యాగు ఆలస్యమైతే డబ్బులిస్తారు. పాస్‌పోర్టు పోతే ఇస్తారు. విమానం హైజాక్ అయితే రోజుకింత అని భత్యం. మేం సింగపూర్‌లో ఉండగా ఇక్కడ ఇంట్లో దొంగలు పడినా మీరే చూసుకుంటారట. ఆ ముక్కకు మా అత్తమ్మ మురిసిపోయింది.

ఇక నా సంగతి. కాన్పు లేదు, సిజేరియన్ లేదు, గర్భస్రావం లేదు, ఏ బస్సో గుద్దితే తప్ప. అన్నీ తీసేశాక దయతలచి ఒక్కటి మిగిల్చారు: ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ. "ఒక్కటన్న ఉంది గదక్కా" అన్నాడు తమ్ముడు.

మా డాక్టరమ్మకు చెబితే నవ్వు ఆపుకోలేకపోయింది. పిండం గర్భసంచిలో కాకుండా బయట, ఎక్కువగా ట్యూబులో, నిలిస్తే దాన్ని అలా అంటారు. మామూలుగా ఆరు నుంచి పది వారాల లోపే బయటపడుతుంది. నాకు ఐదు నెలలు నిండాయి. బిడ్డ ఎక్కడుందో స్కానింగ్‌లో చూశాం. ఉండాల్సిన చోటే ఉంది, ఇది రాస్తుంటే తన్నుతోంది కూడా. నాకు రాగలిగినవన్నీ తీసేసి, ఇక రాలేనిది ఒక్కటి చేతిలో పెట్టారన్నమాట. వడ్లు బస్తాలకెత్తాక వచ్చి, నారు ఎండితే పైసలిస్తాం అన్నట్టు!

ఇక గారూ గీరూ వద్దు. మా ఆయనకూ నాకూ ప్రీమియం ఒక్కటే కదా? సింగపూర్‌లో ఆయనకు కడుపునొప్పి వస్తే ఆస్పత్రి బిల్లు కడతావు. నాకొస్తే అది ఏ కడుపునొప్పో ముందు తేల్చమంటావు. నీకంటే విమానం వాళ్లు నయం. 28 వారాల దాకా చాలా కంపెనీలు చీటీ కూడా అడక్కుండా ఎక్కించుకుంటాయి. కాన్పు ఖర్చు నేనడిగానా? పరాయి దేశంలో అర్ధరాత్రి రక్తం కనబడితే, బిల్లుకు భయపడి పొద్దుటిదాకా ఆగే గతి పట్టకూడదు. అంతే అడిగాను. ఎంతైనా ఎక్కువ కడతానన్నాను. చెప్పడానికి నీ దగ్గర రేటు కూడా లేదు.

టికెట్లు వెనక్కి ఇస్తే రూపాయి రాదు. అందుకే సంతకం పెట్టాను, సిగ్గు లేకుండా.

రాత్రి అమ్మ ఫోన్ చేసి "పైలం బిడ్డా" అంది. బ్యాగు మాత్రం పైలమేనమ్మా అన్నాను.

ఇట్లు,
మీ పాలసీదారు
(కడుపు మినహా)