గన్నుతో పొడిచినదాన్ని చేనేత అనకండి బాబూ

బెంగళూరులో ఈమధ్య ఎవరింటికెళ్లినా ఒకటే వరస. అద్దం చుట్టూ బొచ్చు, మంచం పక్కన హాఫ్‌బాయిల్ గుడ్డు ఆకారంలో బొచ్చు రగ్గు. అంతా టఫ్టింగ్ మయం, అంటే గుడ్డలోకి గన్నుతో ఊలు పొడిచే పని. దాని మీద నాకు కోపం లేదు. కోపం దేని మీదో చెప్తా, ముందు నా పరువు పోయిన కథ వినండి.

పోయిన నెల హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఓ ఆదివారం టఫ్టింగ్ క్లాసుకెళ్లా. చుట్టూ మేకులున్న చెక్క ఫ్రేము, దాని మీద డప్పులా బిగించిన గుడ్డ, చేతిలో డ్రిల్లింగ్ మెషీన్‌లాంటి గన్ను. నొక్కితే సూది ఊలుని గుడ్డలోకి దింపుతుంది, వెంటనే కత్తెర తెంపుతుంది. టకటకటక. గన్ను కాస్త పైకి లేచిందా, ఊలు ఊడొస్తుంది. ఒకేచోట తిప్పామా, గుడ్డ చిరుగుతుంది. నేను రెండూ చేశా. అయినా భలే మజా, అబద్ధమెందుకు.

గుమ్మం ముందు వేద్దామని "స్వాగతం" అని రాశా. పొడిచేది వెనకవైపు నుంచి కాబట్టి అక్షరాలు తిరగేసి గీసుకోవాలి. నేర్పే అమ్మాయికి తెలుగు రాదు, నాకు బుర్ర లేదు. జిగురు ఆరాక తిప్పి చూస్తే ఏదో కొత్త లిపి!

ఏలూరు నుంచి మా అమ్మ వచ్చి ఉంది. తివాచీల ఊరి మనిషి. "ఇదేం భాషే?" అని నవ్వి, అలవాటుగా వెనక్కి తిప్పింది. "ముడులేవే దీనికి?"

"ఉండవమ్మా, జిగురే పట్టుకుంటుంది."

"అంటే అంటించారన్నమాట."

అప్పుడు వెలిగింది నాకు. మూడేళ్ల కిందట ఇక్కడే ఓ షోరూంలో "చేనేత మేడమ్, చేనేత" అంటే 18,000 పోసి తివాచీ కొన్నా. వానాకాలం వస్తే రబ్బరు కంపు, దులిపితే తెల్లపొడి. వెనక గుడ్డ ఓ మూల ఊడదీసి చూశాం. లోపల పెళుసెక్కిన లేటెక్సు, అంటే రబ్బరు జిగురు. అంచు కుచ్చులు కూడా మిషను కుట్టే. ఏలూరు తివాచీకి కుచ్చులంటే మగ్గం మీద నిలువునా బిగించిన పడుగు దారాల చివర్లు. ఆ పడుగుకే ఒక్కో ముడీ చేత్తో వేస్తారు, అందుకే పువ్వు వెనకవైపూ కనబడుతుంది. వెనక గుడ్డ అంటించి దాచాల్సినదేం ఉండదు.

టఫ్టింగ్‌కీ దాని చరిత్ర దానికుంది. 1895లో అమెరికాలోని డాల్టన్ దగ్గర కేథరిన్ ఎవాన్స్ అనే పదిహేనేళ్ల పిల్ల చేత్తో దారపు కుచ్చులు కుట్టి ఓ పక్కదుప్పటి చేసింది. 1900లో మొదటిసారి ఒకటి అమ్మితే వచ్చింది రెండున్నర డాలర్లు. జిగురు లేదు. వేడినీళ్లలో ఉతికితే గుడ్డ ముడుచుకుని దారాన్ని పట్టేసేది. ఎంత తెలివి! ఆ పనే ఊరూరా పాకి, మిషన్లకెక్కి డాల్టన్‌ని కార్పెట్ల రాజధాని చేసింది. కానీ అదీ కుట్టే, నేత కాదు.

"కుర్రాళ్ల వ్యాపారం మీద ఏడుపెందుకు" అని కామెంట్ పెట్టకండి. హాఫ్‌బాయిల్ రగ్గులు చేసే పిల్లలు టఫ్టింగని చెప్పే అమ్ముతున్నారు. నా మంటంతా వెనక చీటీ మీద చీమ తలకాయంత అక్షరాల్లో "హ్యాండ్ టఫ్టెడ్" అని వేసి, నోటితో చేనేత అనే పెద్ద షోరూంల మీద. 18,000కి వరంగల్ జంపఖానాలు ఇల్లంతా పరిచేదాన్ని.

నా "స్వాగతం" గుమ్మం ముందే ఉంది. ఎదురింటి కన్నడ ఆంటీ రెండ్రోజులు కూడబలుక్కుని చదవబోయి, "తెలుగులో ఇలాగే రాస్తారా?" అని అడిగింది.

అవునండీ అనేశా.