సవరణ: సస్పెండ్ అయింది సభ్యత్వమే, సన్నదు (వకీలు లైసెన్స్) కాదు

మొన్న పెట్టిన పోస్టులో "మా ఊరి బార్ అసోసియేషన్ ఒక వకీలు లైసెన్స్ రద్దు చేసింది" అని రాశాను. అది తప్పు. విన్నది విన్నట్టు రాసేశాను, తీర్మానం చదవలేదు. ఒక సీనియర్ ప్లీడరు గారు ఫోన్ చేసి చెప్పాక తీర్మానం కాపీ, అడ్వకేట్స్ చట్టం రెండూ చూశాను.

అసోసియేషన్ చేసింది ఆయన సభ్యత్వాన్ని సస్పెండ్ చేయడం మాత్రమే. ఆయన కోర్టుకు వెళ్లి వాదించుకోవచ్చు. "మా వకాల్తా (ఆయనకు కేసు అప్పగిస్తూ ఇచ్చిన పత్రం) చెల్లుతుందా?" అని టెన్షన్ పడి అడిగినవాళ్లకు జవాబు: చెల్లుతుంది.

సన్నదు జోలికి వెళ్లే అధికారం బార్ కౌన్సిల్‌ది, అంటే వకీళ్లను నమోదు చేసే చట్టబద్ధ సంస్థది. 1961 నాటి చట్టంలోని 35వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు వెళ్లాలి. విచారించేది ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీ. వకీలు వాదన విన్నాకే మందలించడమో, కొంతకాలం సస్పెండ్ చేయడమో, వకీళ్ల జాబితాలోంచి పేరు తీసేయడమో చేస్తుంది. దాని మీద 60 రోజుల్లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు అప్పీలు ఉంది. కోర్టు ధిక్కారానికి శిక్షగా లైసెన్స్ సస్పెండ్ చేసే అధికారం తమకే లేదని 1998లో సుప్రీంకోర్టే చెప్పింది. ఇక ఊళ్లో అసోసియేషన్‌కు ఎక్కడిది!

ఇంకో మాట. నేను "దోషి" అని కూడా రాశాను. విచారణే జరగలేదు కాబట్టి ఆ మాట తీసేశాను. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా పంపండి.