తొమ్మిది మంది కూతుళ్ళు, నలుగురు అల్లుళ్ళు

మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కోసమని గ్రీకు దేవుళ్ళ వంశవృక్షం చార్టు ఒకటి కొనుక్కొచ్చాను. గోడకి తగిలించి చూస్తే పైన దేవుళ్ళ రాజు జ్యూస్, అరచేయంత బొమ్మ, చేతిలో పిడుగు. కింద ట్రాయ్ యుద్ధ వీరుడు అకిలీస్, బంగారు రంగు కవచంతో. వీళ్ళిద్దరి మధ్యా ఎక్కడో, పురుగుమందు డబ్బా మీద హెచ్చరికంత చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: 'ఏజినా, జలకన్య, జ్యూస్ ప్రియురాలు.'

ప్రియురాలట!

చార్టు వేసినవాళ్ళని అనీ లాభం లేదు పాపం. ఏజినా పుట్టింటి గురించి మొదటినుంచీ అందరూ ఇంత మర్యాదగానే రాస్తూ వచ్చారు. మంచి కుటుంబం మరి. తండ్రి అసోపస్, సాక్షాత్తూ నది. తల్లి మెటోపే, లాడన్ అనే మరో నది కూతురు. రెండు వైపులా నీటి ఎద్దడి లేని సంబంధం. పిల్లలెందరు అంటే, పాతకాలం గ్రీకు కథలు రాసిపెట్టినవాళ్ళలో డయోడోరస్ పన్నెండుమంది కూతుళ్ళన్నాడు, అపోలోడోరస్ ఇరవైమందన్నాడు. కొడుకులు మాత్రం ఇద్దరి లెక్కలోనూ ఇద్దరే. అక్కడ ఎవరికీ పొరపాటు రాలేదు.

ఆ కూతుళ్ళు ఒక్కొక్కరే ఇంట్లోంచి మాయమయ్యారు. కొర్కైరాని సముద్రాల దేవుడు పొసైడన్ ఒక దీవికి తీసుకుపోయాడు, సలమిస్‌ని ఇంకో దీవికి. ఏజినాని జ్యూస్ మరో దీవికి. తర్వాత ఆ దీవులకి వాళ్ళ పేర్లే పెట్టారు. ఇంకేం కావాలండీ ఆడపిల్లకి?

ఈ మాట నేను వెటకారంగా అంటున్నాను గానీ, సీరియస్‌గా అన్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. పేరు అక్రైఫెన్, వృత్తి జోస్యం. టనాగ్రా ఊరి కవయిత్రి కొరిన్నా రాసిన పద్యంలో కనిపిస్తాడు. (టనాగ్రా కూడా అసోపస్ కూతురి పేరే. ఆ పిల్ల హెర్మెస్ అనే దేవుడి వాటాకి వెళ్ళింది.) ఈజిప్టులో దొరికిన ఒక పాపిరస్ మీద ఆ పద్యం ముక్కలుగా మిగిలింది. కూతుళ్ళ కోసం కుమిలిపోతున్న తండ్రి దగ్గర కూర్చుని ఈయన లెక్క చెబుతాడు: జ్యూస్ దగ్గర ముగ్గురు, పొసైడన్ దగ్గర ముగ్గురు, అపోలో దగ్గర ఇద్దరు, హెర్మెస్ దగ్గర ఒకరు. వెరసి తొమ్మిది. మీ ఇంట్లోకి దొంగచాటుగా దూరి తీసుకుపోయారని కూడా ఆయనే చెబుతాడు. ఇక దిగులు మాను, నువ్విప్పుడు దేవుళ్ళకి పిల్లనిచ్చిన మామవి అంటాడు.

ఆ మిగతా సంభాషణ పాపిరస్‌లో లేదు గానీ, పెళ్ళిళ్ళ పేరయ్యల్ని చూసినవాళ్ళం కనక మనం పూరించుకోగలం. "అసోపస్ గారూ, అదృష్టమంటే మీదండీ! తొమ్మిది మంది కూతుళ్ళకీ కలిపి అల్లుళ్ళు నలుగురే. పండక్కి నాలుగు జతల బట్టలతో సరి. కట్నం పైసా అడగలేదు. ఆమాటకొస్తే అసలు మిమ్మల్నే అడగలేదనుకోండి, పెద్దింటి వాళ్ళకి అంత తీరికెక్కడిది? పొసైడన్ గారొచ్చినప్పుడు మాత్రం కాస్త చూసుకోండి, ఆయన అలిగితే భూకంపం. జ్యూస్ గారికి ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, ఆవిడతో మనకెందుకు? మనవలు పుడితే వంశాంకురాలే!"

అసోపస్ ఆ జోస్యుడి చెయ్యి సంతోషంగా పట్టుకున్నాడట. కళ్ళలోంచి నీళ్ళు కారాయట. అప్పుడు అతను చెప్పిన జవాబు దగ్గరికొచ్చేసరికి పాపిరస్ చిల్లులు పడిపోయింది. అల్లుళ్ళ లెక్క దక్కింది.

ఇంకో కథలో ఈ తండ్రి కాస్త నయం. ఏజినాని వెతుక్కుంటూ కొరింథు దాకా పోయాడు. అక్కడి రాజు సిసిఫస్ చూశాడు, కానీ ఊరికే చెప్పలేదు. కొండమీది కోటకి నీటిబుగ్గ ఇస్తేనే నోరు విప్పుతానన్నాడు. కూతురి ఆచూకీ కోసం నది నీళ్ళు లంచమిచ్చింది. (ఊరికి నీళ్ళు అడిగాడు, సొంతానికి బంగారం అడగలేదు. రాజుల్లో ఇది మంచి రకమే.) అసోపస్ వెంటపడితే జ్యూస్ పిడుగులు వేసి పాత పాయలోకే తరిమాడు. ఆ నదిలో తర్వాత్తర్వాత కూడా బొగ్గులు దొరికేవని అపోలోడోరస్ రాశాడు. నిజం చెప్పిన సిసిఫస్‌కి పాతాళంలో ఎప్పటికీ కొండమీదికి దొర్లించాల్సిన బండరాయి. ఎత్తుకుపోయినవాడికి ఏమిటంటారా? ఒక కొడుకు.

ఆ కొడుకు ఏయాకస్. దీవిలో పిల్లాడికి తోడు లేదని జ్యూస్ చీమల్ని మనుషుల్ని చేసిపెట్టాడు. పిల్లాడి తల్లిని ఒకసారి పుట్టింటికి పంపినట్టు మాత్రం ఎవరూ రాయలేదు. అకిలీస్ ఈ ఏయాకస్ మనవడే, అంటే ఏజినాకి మునిమనవడు. చార్టులో ఆవిడకి చోటు దొరికింది ఆ పుణ్యాన.

ఈ వ్యవహారాన్ని నేరంగా బొమ్మకట్టింది, నాకు తెలిసి, ఒక్క సాలెపిల్ల. రోమన్ కవి ఒవిడ్ చెప్పిన అరాక్నే, రంగులద్దేవాడి కూతురు. నేతపనికి దేవత అయిన ఎథీనాతో పందెం కట్టి, మగ్గం మీద దేవుళ్ళ బండారమంతా నేసింది. అందులో నిప్పు రూపంలో వచ్చి ఏజినాని మోసం చేసిన జ్యూస్ కూడా ఉన్నాడు. నేతలో ఎథీనాకి ఒక్క తప్పు దొరకలేదు. బట్ట చింపేసింది. చేతిలోని నాడెతో పిల్ల నుదుటి మీద మూడుసార్లు, నాలుగుసార్లు కొట్టింది. పిల్ల ఉరేసుకుంది. దేవత జాలిపడి సాలీడుని చేసిందట.

ఇక్కడ నాకు నవ్వు రావట్లేదండీ. చెప్పిన రాజుకి బండ, నేసిన పిల్లకి దెబ్బలు, వెతికిన తండ్రికి పిడుగు. చేసినవాడి పక్కన 'ప్రియురాలు' అని తీపి మాట! ఎత్తుకుపోవడానికి తెలుగులో ఎత్తుకుపోవడం అనే మాట ఉంది. అది రాయడానికి చేతులెందుకు రావు? పిల్ల ఒప్పుకోలేదని కత్తితో పొడిచినవాణ్ణి మన పేపర్లు 'ప్రేమోన్మాది' అంటాయి. ఉన్మాదం సరే, ప్రేమ ఎక్కడుంది అందులో? ఏ రక్తపు మరకలో కనబడింది మీకు?

సరే, చార్టు. ఏజినా పక్కనే ఇంకో చెల్లెలుంది, సినోపే. గ్రీకు కవి అపోలోనియస్ చెప్పిన కథలో జ్యూస్ ఈ అమ్మాయి మీద మనసుపడి, ఏది కోరితే అది ఇస్తానని మాటిచ్చాడు. నన్ను కన్యగానే ఉండనివ్వు, అదే నా కోరిక అంది. మాట ఇచ్చాక ఏం చేస్తాడు, నోరు మూసుకున్నాడు. తర్వాత అపోలో వచ్చాడు, అదే వరం అడిగి పంపించేసింది. హాలిస్ అనే నది వచ్చాడు, అతనికీ అంతే. నల్ల సముద్రం ఒడ్డున ఆ పిల్ల పేరుతో ఇప్పటికీ ఊరుంది, టర్కీలో.

చార్టులో ఆమె పేరు కింద 'భర్త: అపోలో' అని ఉంది. ఇంట్లో ఎర్ర పెన్ను ఎక్కడ పెట్టామో వెతుకుతున్నాను.