38 ఉస్మానియా టార్పెడోలు

నిన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బేరాలు ముగించుకుని, స్టార్ ట్రెక్ అనే అమెరికన్ అంతరిక్ష సీరియళ్ళ పిచ్చోళ్ళు ఐదుగురు దగ్గర్లోని ఒక ఇరానీ హోటల్లో కూలబడ్డారు. తేల్చాల్సిన తగువు పాతదే. ‘వాయేజర్’ సీరియల్‌లో ఆ పేరుగల అంతరిక్ష నౌక ఏడు సీజన్లలో శత్రువుల మీద పేల్చిన ఫోటాన్ టార్పెడోలనే బాంబులు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

తెలియనివాళ్ళకు నాలుగు ముక్కలు. 1995 జనవరిలో మొదలైన ఈ సీరియల్‌లో ఓడ భూమికి 70,000 కాంతి సంవత్సరాల దూరాన పడిపోతుంది. ఇల్లు చేరడానికి 75 ఏళ్ళు పడుతుందంటారు. (భాగిస్తే కాంతివేగానికి సుమారు 933 రెట్లు. 1991లో వచ్చిన స్టార్ ట్రెక్ టెక్నికల్ మాన్యువల్ అనే పుస్తకం పట్టికలో వార్ప్ 9 అనే వేగం అంటేనే 1516 రెట్లు, అంటే 46 ఏళ్ళు చాలు. మిగతా 29 ఏళ్ళు ఏ అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగిపోతారో చెప్పరు. అది ఇంకో ఆదివారం గొడవ.) మొదటి సీజన్‌లోనే ‘ద క్లౌడ్’ అనే ఎపిసోడ్‌లో ఒక మాట దొర్లుతుంది: మన దగ్గరున్నవి 38 టార్పెడోలు, అయిపోతే మళ్ళీ దొరకవు. అన్నవాళ్ళు అని ఊరుకున్నారు. ఆ తర్వాత 2001 మే దాకా దీపావళి రాత్రి చిచ్చుబుడ్లు కాల్చినట్టు కాల్చుతూనే ఉన్నారు. లెక్కపెట్టిన అభిమానులందరికీ 38 ఎప్పుడో దాటిపోయింది. గుండెలు బరువెక్కాలని ఎవరో రచయిత ఒక అంకె పడేశాడు, తర్వాతి రచయితలు దాని మొహం చూడలేదు. నేరం అక్కడ జరిగింది, శిక్ష ఇక్కడ ఆబిడ్స్‌లో పడింది.

లెక్క ఎక్సెల్‌లో ఉంది. ఎక్సెల్ హైటెక్ సిటీ కుర్రాడి ల్యాప్‌టాప్‌లో ఉంది. ల్యాప్‌టాప్‌లో చార్జింగ్ లేదు. హోటల్లో కనబడిన ఒకే ఒక్క ప్లగ్గుకు కూల్‌డ్రింకుల ఫ్రిజ్ తగిలించి ఉంది. అప్పుడే పెద్దాయనకు ఆలోచన వచ్చింది. ఈయన గురించి ఒక మాట చెప్పాలి. తెర మీద పలికిందే ప్రమాణం, పుస్తకాల్లో రాసింది చెల్లదు అని ఎవరూ అడగకుండానే తీర్పులు చెప్పే మనిషి. అటువంటి మనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు, ఎందుకుంటాడో తెలీదు.

‘‘బాబూ, ముప్పై ఎనిమిది ఉస్మానియా బిస్కెట్లు.’’

సర్వర్ చెవి దగ్గరికి తెచ్చాడు. ‘‘ఎన్ని?’’

‘‘ముప్పై ఎనిమిది. లెక్కపెట్టి తేవాలి.’’

‘‘పార్సిలా సార్?’’

‘‘కాదు, యుద్ధానికి.’’

తెచ్చాడు. నిబంధనలు ఇవీ: ఎడమ ప్లేటు ఓడ గోదాము. ఒక టార్పెడో పేలితే ఒక బిస్కెట్ కుడి ప్లేటులోకి జరగాలి. తినకూడదు. ఈ చివరి నిబంధన మొదటి చాయ్ వచ్చేదాకా బతికింది. ఉస్మానియా బిస్కెట్‌ను పక్కకు జరపడం మనిషివల్ల అయ్యే పని కాదు, జరిపిన చెయ్యి తనంతట తనే చాయ్ వైపు తిరుగుతుంది. సరే, పేలినదాన్ని తినొచ్చని సవరించారు. చాయ్‌లో ఎక్కువసేపు ఉంచి, విరిగి అడుగుకు పోయినదాన్ని ‘గురి తప్పినది’గా రాసుకోవాలన్నారు. గురి తప్పినా గోదాములోంచి పోయినట్టే కదా అని ఎవరూ అడగలేదు.

మొదట్లో పని చకచకా సాగింది. మొట్టమొదటి ఎపిసోడ్‌లో ఓడను అంత దూరం లాగిపడేసిన కేర్‌టేకర్ అనే జీవి కేంద్రాన్ని పేల్చింది ట్రైకోబాల్ట్ అనే మరో రకం బాంబులతో, అది వేరే పద్దు, బిస్కెట్ కదలదు. రెండో సీజన్‌లో ‘డెడ్‌లాక్’ దగ్గర రైలు పట్టాలు తప్పింది. ఆ ఎపిసోడ్‌లో ఓడ ఒకటి రెండవుతుంది, మనుషులతో సహా. మరి టార్పెడోలూ రెట్టింపు కావాలి కదా అని కుర్రాడి వాదన. కాకపోతే ఆ కథలోనే ఒక మెలిక ఉంది: పదార్థం రెండైంది కానీ యాంటీమ్యాటర్ (పదార్థాన్ని తాకగానే దానితో సహా శక్తిగా మారిపోయే సరుకు) రెండు కాలేదు. టార్పెడోలో పేలేది యాంటీమ్యాటరే. అంటే తొడుగులు రెట్టింపు, మందు మాత్రం పాతదే. దీన్ని ప్లేటులో చూపించడానికి పెద్దాయన గోదాములో మిగిలిన బిస్కెట్లన్నిటినీ ఓపిగ్గా రెండేసి ముక్కలు చేశాడు. కాసేపటికి ఒక ఓడ తనను తానే పేల్చేసుకుంది గనుక సగం ముక్కల్ని మిగతా నలుగురూ నోట్లో వేసుకున్నారు. మిగిలిన సగం ముక్క ఒక పూర్తి టార్పెడోనా, సగమా? ఇక్కడే అరగంట పోయింది.

అటుగా వెళ్తూ సర్వర్ ఆ ముక్కల గుట్ట చూసి ఆగాడు. ‘‘ఇరగ్గొట్టినవి వాపస్ తీస్కోం సార్.’’

నాలుగో సీజన్‌లో ‘ఇయర్ ఆఫ్ హెల్’. 1997లో వచ్చిన రెండు భాగాల కథ. ఓడ చితికిపోయేదాకా పోరాడుతుంది, చివర్లో కెప్టెన్ జేన్‌వే ఓడను తీసుకెళ్ళి శత్రువుల కాలనౌకకే గుద్దుతుంది, కాలం వెనక్కి తిరిగి ఆ ఏడాదంతా జరగనట్టే అయిపోతుంది. బల్ల మీద అప్పటికే ఆ పోరాటం పద్దులో ఆరు బిస్కెట్లు చాయ్‌లో మునిగి కడుపులోకి చేరాయి. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని తీర్పు చెప్పాడు: జరగని యుద్ధంలో పేలని టార్పెడోలు గోదాములోకి తిరిగి రావాలి. కాబట్టి ఆ ఆరూ తినలేదనే లెక్క.

‘‘తిన్నాం కదండీ!’’

‘‘ఆ కాలంలో తిన్నారు. ఈ కాలంలో తినలేదు.’’

నన్నడిగితే ఇంతకంటే శుద్ధమైన తర్కం ఆ హోటల్లో ఎన్నడూ వినబడి ఉండదు. తర్కం శుద్ధమైనదే కానీ ప్లేటు ఖాళీగానే ఉంది. ఉన్నట్టు ఊహించుకోమన్నాడు. ఊహించుకున్నారు. పక్క బల్ల మీద ఉల్లిపాయ సమోసా తింటున్న పెద్దమనిషి తన ప్లేటును మెల్లగా తనవైపు లాక్కున్నాడు.

అయిదో సీజన్ గొడవ చిన్నదే. ఓడలోనే డెల్టా ఫ్లయర్ అనే కొత్త షటిల్‌ను (చిన్న ఓడను) కట్టుకోగలిగినవాళ్ళు టార్పెడో చేసుకోలేరా అని కుర్రాడు అడిగాడు. పెద్దాయన చంకలోని మాన్యువల్ తీశాడు: ఒక్కో టార్పెడోలో గరిష్ఠంగా కిలోన్నర యాంటీమ్యాటర్, అంతే పదార్థం, మొత్తం మూడు కిలోలు శక్తిగా మారితే దాదాపు 64 మెగాటన్నులు, ఇది బేకరీలో కాల్చుకునే సరుకు కాదు. అంతవరకూ పుస్తకాలు చెల్లవన్న మనిషేనండీ! అవసరం పడ్డచోట చెల్లాయి. ‘కోర్స్: అబ్లివియన్’లో ఓడ మొత్తం నకిలీ కాబట్టి కదలికే లేదు, నాలుగో సీజన్‌లోని మ్యూజియం కట్టుకథ ‘లివింగ్ విట్నెస్’ కూడా అంతే.

ఆరో సీజన్ మధ్యలో కుర్రాడు గోదాము వైపు చూసి నోరు తెరిచాడు. ఏ లెక్కన చూసినా ప్లేటు ఎప్పుడో ఖాళీ కావాలి. అందులో బిస్కెట్లున్నాయి. ముక్కలు కావు, గుండ్రంగా, నిండుగా.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. ‘‘చూశారా! ఇంకా టార్పెడోలున్నాయి! రాసినవాళ్ళు కరెక్టే!’’

చాయ్ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. గుమ్మం దగ్గర సిగరెట్ వెలిగిస్తున్నవాడు ఆర్పేశాడు. ఫ్యామిలీ సెక్షన్ పరదా కొంచెం పక్కకు తొలగింది.

బిల్లు వచ్చింది. 57 బిస్కెట్లు.

‘‘ముప్పై ఎనిమిదే అడిగాం!’’

‘‘ప్లేటు ఖాళీ అయితుంటే ఏస్కుంట పోయిన సార్,’’ అన్నాడు సర్వర్, అందులో వింతేముందన్నట్టు. ‘‘మీరు వద్దనలే గద.’’

అక్కడితో డబ్బులు కట్టేస్తే పోయేది. పెద్దాయన కౌంటర్ దగ్గరికెళ్ళి, 57లో ఆరు రద్దు చెయ్యాలన్నాడు. ఏ ఆరు అని అడిగాడు కౌంటర్ మీదున్నాయన. నాలుగో సీజన్ ఆరు, కాలం వెనక్కి తిరగడంతో తినబడలేదు అన్నాడు పెద్దాయన. కౌంటరాయన సర్వర్ వైపు తిరిగాడు. ‘‘క్యా బోల్రే ఇనో?’’ వెనక క్యూ పెరిగింది. డబ్బులు ఎవరి ఫోన్‌లోంచి వెళ్ళాయో ఇంకా తేలలేదు, ఆ కుర్రాడు మాత్రం పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడటం లేదు. పెద్దాయన మట్టుకు మెట్లు దిగుతూనే వచ్చే వారం ఓడ పోగొట్టుకున్న షటిల్లు లెక్కపెట్టాలని, వాటికి ఉల్లిపాయ సమోసాలైతే ఆకారం కుదురుతుందని అన్నాడు. లోపల్నుంచి కౌంటరాయన వినేశాడు.

‘‘సమోసాకు పైసలు ముందు కట్టాలె సార్.’’