కొండ ఎగువ నుంచి కొలిస్తే ఒక లెక్క, దిగువ నుంచి ఇంకో లెక్క

2022 ఏప్రిల్ 4 తెల్లారేసరికి విశాఖపట్నం జిల్లా తన అడవిలో సింహభాగం పోగొట్టుకుంది. ఒక్క చెట్టు మీదా గొడ్డలి పడలేదు. 11,161 చదరపు కిలోమీటర్ల ఉమ్మడి జిల్లా మూడు ముక్కలై, పాడేరు, అరకు, చింతపల్లి కొండలన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లిపోయాయి. మనకు మిగిలిన వెయ్యి చిల్లర చదరపు కిలోమీటర్లలో అడవి అంటే కంబాలకొండ, సింహాచలం కొండలు, ఇంకాస్త అటూ ఇటూ. ఇకపై 'విశాఖలో అడవి పెరిగిందా, తగ్గిందా' అంటూ పాత అంకె పక్కన కొత్త అంకె పెట్టేవాళ్లు ముందు ఏ విశాఖో చెప్పాలి.

ఇది గీతల గొడవే కదా, సర్దుకుంటుంది అనుకోవచ్చు. అసలు చిక్కు గీత లోపల ఉంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 1987 నుంచి రెండేళ్లకోసారి ఇచ్చే నివేదికలో 'అటవీ విస్తీర్ణం' అంటే, హెక్టారుకు తగ్గని స్థలంలో కనీసం 10 శాతం మేర చెట్ల గొడుగు పరుచుకుని ఉండటం. నేల ఎవరిదన్న పట్టింపు లేదు, చెట్టు ఏదన్న పట్టింపూ లేదు. మామిడి తోట, సరుగుడు తోట, నీలగిరి తోట అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి. కాఫీ మొక్కలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లూ వస్తాయి. ఆ నిర్వచనాన్ని నేను తప్పుపట్టను. దేశమంతా ఒకే కొలత ఉండటం చిన్న మేలు కాదు. కానీ అది చెప్పేది పచ్చదనం గురించి. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న కంబాలకొండను ఎలా దులిపేసిందో చూసినవాళ్లకు తేడా తెలుసు. పచ్చదనం తిరిగొచ్చినంత తొందరగా పెద్ద మానులు తిరిగి రావు.

అరకు సంతలో విస్తళ్లు కుట్టే అడ్డాకులు అమ్మే ఒకావిడ దగ్గర ఓసారి కట్ట కొన్నాను. ఆకులు అరచేయంతే ఉన్నాయేమని అడిగితే, పెద్దాకు కావాలంటే ఇప్పుడు రెండు కొండలు దాటాలి బాబూ, మా అమ్మ కాలంలో ఊరి వెనకే దొరికేది అంది. అడ్డ తీగ పెద్ద చెట్లను పట్టుకుని పాకుతుంది. పైనుంచి చూసే ఉపగ్రహానికి చెట్టు ఆకూ తీగ ఆకూ ఒకటే పచ్చ. ఆవిడ చెప్పింది మాత్రం నికార్సయిన కొలత: ఆకు కోసం ఎంత దూరం నడవాలి, వచ్చిన ఆకు ఎంత పెద్దది. ఏ రిజిస్టర్‌లోనూ దానికి గడి లేదు.

రిజిస్టర్లు లేక కాదు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. చింతపండు, కరక్కాయ, కొండ చీపుర్లు, తేనె, తపసి జిగురు, నరమామిడి బెరడు కొన్న లెక్కలు ఆ సంస్థ దగ్గర ఉంటాయి. అటవీ శాఖ దగ్గర చెట్ల లెక్క, ఊళ్లలోని వన సంరక్షణ సమితుల దగ్గర నాటిన మొక్కల లెక్క. ఎవరి పుస్తకం వాళ్లది. విడివిడిగా చదివితే ప్రతి పుస్తకమూ బోల్తా కొట్టిస్తుంది. నరమామిడి బెరడునే తీసుకోండి. అగరబత్తుల పిండికి దానికి గిరాకీ ఉంది, మాను చుట్టూ బెరడు ఒలిచేస్తే చెట్టు చస్తుంది. ఒక ఏడాది కొనుగోలు బాగా పెరిగిందంటే అడవి బాగుందనా, ఒలిచేస్తున్నారనా? మరుసటి ఏడాది పడిపోతే చెట్లు అయిపోయాయనా, శావుకారు ఎక్కువ ధర ఇచ్చాడనా? అదే వాలు మీద మిగిలిన చెట్ల లెక్క పక్కన ఉంటే తప్ప తేలదు.

ఒక్క చెట్టును కొలవడానికే ఒప్పందం కావాలి. మాను చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీస్తారు. కొండవాలులో చెట్టుకు ఎగువన నిలబడి ఆ ఎత్తు చూడాలని నియమం. దిగువన నిలబడి చూస్తే టేపు మాను మొదలుకు దగ్గరగా పడుతుంది, చుట్టుకొలత ఎక్కువొస్తుంది. ఈ ఏడు ఒకరు ఎగువ నుంచి, అయిదేళ్ల తర్వాత ఇంకొకరు దిగువ నుంచి కొలిస్తే చెట్టు కదలకుండానే బలిసిపోతుంది. మన తూర్పు కనుమల్లో చదును నేల ఎంతని!

ఉమ్మడి కొలతల ఆలోచన కొత్తదేం కాదు. 1992 రియో సదస్సు తర్వాత దేశాలు గుంపులుగా కూర్చుని అడవి బాగోగులు కొలిచే ప్రమాణాలు, సూచికలు రాసుకున్నాయి. మాంట్రియల్ ప్రక్రియలో 12 దేశాలు 7 ప్రమాణాల మీద ఒప్పుకున్నాయి. భోపాల్‌లోని అటవీ యాజమాన్య సంస్థ చొరవతో మనకూ 8 ప్రమాణాల చట్రం తయారైంది. అందులో నేల, నీరు, జీవవైవిధ్యంతో పాటు జనం పాత్ర కూడా ఉంది. కాగితం మీద లోటేమీ లేదు. నా అభ్యంతరమల్లా సూచికలు పదుల్లో ఉండి, వాటిలో ఊరివాళ్లు తమంతట తాము కొలవగలిగినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉండటమే.

నన్నడిగితే గెడ్డతో, అంటే కొండవాగుతో మొదలుపెట్టమంటాను. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా మీదుగా వచ్చే గోస్తనీ నీళ్లే తాటిపూడిలో నిలిచి మన కుళాయిల్లోకి వస్తున్నాయి. పై ఊళ్లలో ఏ గెడ్డ ఏ నెలదాకా పారింది, ఏ ఊట ఎప్పుడు ఎండింది అన్నది గోడ మీద బొగ్గుతో గీసినా చాలు. దాని పక్కన ఊరి వానమాపకం లెక్క ఉండాలి, లేకపోతే వాన కరువును అడవి నెత్తిన రుద్దుతాం.

అయితే ఊరివాళ్లు ఎందుకు కొలవాలి? అడవి కొట్టి చేసే పోడు సాగు ఎంత చేస్తున్నారో నిజం చెబితే ఆ కాగితమే తమ మీదికి వస్తుందేమోనన్న భయం ఉన్నచోట ఎవరూ సరైన లెక్క ఇవ్వరు. అటు గార్డుకూ భయమే, చెట్లు తగ్గాయని రాస్తే సంజాయిషీ అడిగేది తననే. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ హక్కు పత్రం చేతికొచ్చిన గ్రామసభ అయితే ఆ లెక్క తన కోసం రాసుకుంటుంది. అందుకే టేపులు పంచడం కంటే ముందు ఆ పత్రాలు పంచాలంటాను. ఆ తర్వాత గ్రామసభ పుస్తకం ఒక ప్రతి అటవీ శాఖకు, శాఖ చెట్ల లెక్క ఒక ప్రతి గ్రామసభకు, రెండూ తెలుగులో. సంతలో కలిసినావిడకు ఆ పుస్తకంలో ఒక గడి ఉండాలి: అడ్డాకుకు ఎన్ని కొండలు.