కాస్త టైట్ చేయిస్తే సరిపోతుంది

పాత కారు క్లచ్ జారుతోందని ఎవరితోనైనా అని చూడండి. మీ వాక్యంలో క్రియాపదం రాకముందే "కాస్త టైట్ చేయిస్తే సరిపోతుంది" అన్న తీర్పు వెలువడుతుంది. తీర్పు చెప్పినవారు జన్మలో క్లచ్ ప్లేటును కంటితో చూసి ఉండరు. అయినా వదులైనది ఏదైనా బిగిస్తే బాగుపడుతుందన్న మహాసూత్రం వారికి ఉగ్గుపాలతోనే అబ్బింది.

ఆ మహనీయులకు ఒక చిన్న విన్నపం. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీలుకూ ప్రెషర్ ప్లేటుకూ నడుమ, ఇంజిన్ బలాన్ని గేరు బాక్సుకు అందించే క్లచ్ ప్లేటును అదిమి పట్టేది స్ప్రింగు. ఆ పట్టు సడలితేనే క్లచ్ జారుతుంది. ప్లేటు మీది రాపిడి పొర, అంటే లైనింగు, అరిగేకొద్దీ ఆ స్ప్రింగు కొసలు, పెడల్ తొక్కినప్పుడు వాటిని నెట్టే రిలీజ్ బేరింగు వైపు జరిగి, కేబుల్ క్లచ్ ఉన్న బండ్లలో పెడల్‌కు పైపైన ఉండవలసిన వదులు కదలికను (ఫ్రీ ప్లే) తినేస్తాయి. అప్పుడు కేబుల్‌ను వదులు చేయాలి. దానిని ఇంకా బిగించడమంటే, ఎవరూ కాలు పెట్టకపోయినా పెడల్‌ను రోజంతా కొంత తొక్కి ఉంచడమే, అంటే జారుతున్నవాణ్ణి వెనక నుంచి నెట్టడమే. ద్రవ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్‌లో బిగించడానికి అసలు కేబులే ఉండదని ఒక పెద్దమనిషికి మనవి చేసుకున్నాను. "అయితే ఆ హైడ్రాలిక్‌నే టైట్ చేయించండి" అని ఆయన సెలవిచ్చారు.

ఈ శాస్త్రం గొప్పతనం ఎత్తు ఎక్కేటప్పుడే సంపూర్ణంగా బోధపడుతుంది. ఇంజిన్ విమానం లేచిపోతున్నంత గొంతుతో అరుస్తుంది, ఆర్‌పీఎం ముల్లు ఆకాశానికి ఎగబాకుతుంది, కారు మాత్రం ఆ గొడవతో తనకేమీ సంబంధం లేనట్టు నిలుచుంటుంది. సైకిల్‌ను నడిపించుకుంటూ వెళ్తున్న పెద్దాయన మనల్ని దాటిపోతూ జాలిగా ఒక చూపు చూస్తాడు. కాలిన లైనింగు వాసన లోపలికి రాగానే వెనక సీటులోని బంధువు "ఎవరో ఏదో తగలబెడుతున్నట్టున్నారు" అని కిటికీ ఎక్కిస్తాడు. తగలబెడుతున్నది మనమే, బాబాయ్! ఇంతలో నలుగురు పోగవుతారు. ఒకరు పెడల్‌ను సగం తొక్కి హాఫ్ క్లచ్‌లో లాగమంటారు, అంటే మంట మీద నెయ్యి పోయమంటారు. మరొకరు బోనెట్ మీద చెయ్యి వేసి నాడి చూస్తారు. మూడోవారు, మీరు ఊహించినట్టే, స్పానర్ ఉందా అని అడుగుతారు.

నిర్ధారణ కష్టమేమీ కాదు. ఖాళీ రోడ్డుపై మూడో గేరులోనో నాలుగో గేరులోనో వెళ్తూ యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కినప్పుడు శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. కారణం ప్లేటు అరగడం కావచ్చు, ఇంజిన్ వెనక సీలు కారి లైనింగుకు ఆయిల్ పట్టడమూ కావచ్చు. ఆ సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అది కూడా నూనెలో మునుగుతుంది. గేరు బాక్సు ఎలాగూ దించాలి కనుక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ ఒకేసారి మార్చడం మేలు.

ఇంతవరకు నవ్వాను. కానీ "ఇంకో వెయ్యి కిలోమీటర్లు లాగేస్తుంది" అనేవాళ్లను చూస్తే నాకు నవ్వు రాదు. లారీని దాటడానికి పక్కకు వచ్చి, ఎదురుగా మరో బండి వస్తుండగా యాక్సిలరేటర్ తొక్కితే, అరుపే తప్ప వేగం రాని ఆ క్షణంలో, వెనక సీటులో పిల్లలు ఉండగా, ఏం టైట్ చేస్తారయ్యా? ఎవరి ప్రాణం మీద ఈ పొదుపు? తెలియకపోతే నోరు మూసుకోవడానికి స్పానర్ అక్కర్లేదు కదా!

చివరకు నేను మూడూ మార్పించాను, సీలుతో సహా. మర్నాడు ఆ పెద్దమనిషిని ఎక్కించుకుని అదే ఎత్తు ఎక్కాను. కారు చప్పుడు చేయకుండా పైకి చేరింది. ఆయన సీటులో వెనక్కి వాలి, తృప్తిగా తల పంకించి అన్నారు: "చూశారా, టైట్ చేయిస్తే ఎంత బాగుందో!"